బొమ్మల కథ కోసం ఏడిస్తే నాకు పిచ్చి ఉన్నట్టా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. రాసినామెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, సమస్య అర్థం కావడానికి కావలసినంత మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. పెళ్ళయింది, ఉద్యోగం చేస్తోంది. కొన్నేళ్ళ కిందట ‘యూరీ ఆన్ ఐస్’ అనే జపాన్ యానిమే, అంటే బొమ్మల సీరియల్ చూసింది. 2016 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చిన పన్నెండు ఎపిసోడ్ల కథ అది. పెద్ద పోటీలో అందరికంటే చివర నిలిచి, ఇక స్కేటింగ్ మానేద్దామా అనుకుంటూ ఇంటికొచ్చిన యూరీ కత్సుకి అనే కుర్రాడు, అతనికి కోచ్‌గా వచ్చిన రష్యన్ చాంపియన్ విక్టర్ అందులో ముఖ్యులు. ఆఫీసులో పదిమంది ముందు మాట్లాడాలంటే చేతులు చల్లబడిపోయే ఈమెకు యూరీలో తనే కనిపించింది. ఆ సీరియల్ వల్లే అసలు ఫిగర్ స్కేటింగ్, అంటే ఐస్ మీద సంగీతానికి తగ్గట్టు జంప్‌లు, నృత్యం చేసే ఆట, చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు లట్జ్, ఫ్లిప్ అనే జంప్‌ల మధ్య తేడా రీప్లే లేకుండానే చెప్పగలదు. వేరే దేశాల్లో పోటీలు జరుగుతుంటే రాత్రిళ్ళు మేలుకుని చూస్తుంది. పాత్రల గురించి, నిజం స్కేటర్ల గురించి పొడుగాటి వ్యాసాలు రాసి, ఒక చిన్న గ్రూప్‌లో పంచుకునేది.

ఆ సీరియల్‌కు కొనసాగింపుగా సినిమా వస్తుందని చాలాకాలం ఎదురుచూశారు వాళ్ళందరూ. 2024 ఏప్రిల్‌లో సినిమా తీయడం లేదని ప్రకటన వచ్చింది. ఆ రాత్రి ఈమె చాలాసేపు ఏడ్చింది. కొన్ని రోజుల తర్వాత బంధువులంతా కూర్చున్నచోట భర్త, ‘మా ఆవిడ బొమ్మల కోసం రాత్రంతా ఏడ్చింది’ అన్నాడు. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. అప్పటినుంచి ఒక్క పేరా కూడా రాయలేకపోయింది.

రెండో దెబ్బ స్నేహితురాలి నుంచి. ఆ గ్రూప్‌లో అందరికంటే దగ్గరి మనిషి ఆమె. క్రమంగా ఆమె సీరియల్ పాత్రల్ని వదిలి, ప్రస్తుతం పోటీల్లో ఉన్న ఇద్దరు స్కేటర్లు నిజంగానే ప్రేమికులని నమ్ముతూ కథలు రాయడం మొదలుపెట్టింది. అందులో ఒకరికి నిశ్చితార్థం జరిగిందని తెలిసినప్పుడు, అదంతా నాటకం అని వాదించింది. తన కథను నేరుగా ఆ స్కేటర్‌కే పంపింది. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ఫోటోల కింద దారుణమైన మాటలు రాసింది. ఇది తప్పు కదా అని ఈమె అడిగితే, ‘నువ్వూ మీ ఆయనలాగే తయారయ్యావు, మనల్ని చూసి సిగ్గుపడుతున్నావు’ అని గ్రూప్ నుంచి తీసేసింది. ఆ తర్వాత గ్రూప్‌లోని ఇద్దరు, ‘మీ వ్యాసాలు లేక వెలితిగా ఉంది’ అని విడిగా మెసేజ్ పెట్టారు. వాళ్ళకు ఈమె ఇంతవరకు జవాబివ్వలేదు.

చివర్లో నాలుగు ప్రశ్నలు అడిగింది. లేని మనుషుల కోసం ఏడవడం పిచ్చా? నిజం స్కేటర్ల గురించి తనూ అంతంత రాసింది కదా, స్నేహితురాలికీ తనకూ తేడా ఉందా? ఆమెతో మళ్ళీ మాట్లాడాలా? భర్తకు ఇదంతా ఎలా చెప్పాలి?

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకుని ఆపేసిన వాక్యం ఒకటుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు క్వాడ్ ఆక్సెల్ అనే జంప్ ప్రయత్నించి పడిపోవడం గురించి రాస్తూ, ‘పడటానికి ముందు గాల్లో ఉన్నంతసేపూ ఆయన దేన్నీ తప్పించుకోలేదు’ అన్నారు. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరే జంప్. అందుకే దానికి అర చుట్టు ఎక్కువ. క్వాడ్ ఆక్సెల్ అంటే గాల్లో నాలుగున్నర చుట్లు. అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లో, 2014లోనూ 2018లోనూ, బంగారు పతకం గెలిచిన మనిషి, పోటీలో అప్పటిదాకా ఎవరూ చేయని ఆ జంప్‌ను వదిలేసి జాగ్రత్తగా ఆడితే ఇంకో పతకం దొరికేదేమో. ఆయన వదల్లేదు. పడ్డాడు, నాలుగో స్థానంలో నిలిచాడు. ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది, ఆ వాక్యం రాసిన మనిషి చూడటం నేర్చుకున్న మనిషి అని. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

ఆ ప్రశ్న సంగతి ముందు తేల్చేద్దాం. లేని మనుషుల కోసం ఏడవడం పిచ్చి కాదు. కథలు పుట్టినప్పటినుంచి మనుషులు చేస్తున్న పని అది. యూరీ లేడని మీకు తెలుసు. అతను ఫోన్ చేస్తాడని మీరు ఎదురుచూడటం లేదు. పోటీకి ముందు పార్కింగ్ స్థలంలో కూలబడి, ‘నేను గెలుస్తానని నాకంటే ఎక్కువగా నువ్వు నమ్ము’ అన్నట్టు విక్టర్ ముందు ఏడ్చిన ఆ కుర్రాడిలో, ఎవరికీ చెప్పుకోలేని మీ టెన్షన్‌కు ఒక రూపం దొరికింది. ఆ రూపం ఇంకా పెరుగుతుందని, దానికేం జరుగుతుందో చూడొచ్చని ఏళ్ళ తరబడి ఆశపడ్డారు. ఒకరోజు అది లేదన్నారు. ఏడుపు రాదా మరి? అందులో విచిత్రమేమీ లేదు. ఆ సినిమా గురించి ఇంకా ఏదో వార్త వస్తుందని వెతుకుతూ కూర్చోవడం మాత్రం మీకు మంచిది కాదు. ఆ తలుపు వేసేశారు. చేతిలో ఉన్నవి పన్నెండు ఎపిసోడ్లు, వాటి గురించి మీకున్న ఆలోచనలు. అవి తక్కువేమీ కావు.

ఇంకో మాట. యానిమే బొమ్మ వేరు, నిజం ఆట వేరు అని మీవాళ్ళు అనుకుంటున్నారు కానీ, ఫిగర్ స్కేటింగ్ దగ్గర ఆ గీత అంత గట్టిగా ఉండదు. ఆ సీరియల్‌లోని ప్రోగ్రామ్‌లకు, అంటే సంగీతానికి కూర్చిన ప్రదర్శనలకు, నృత్యరూపం ఇచ్చింది కెంజి మియమొతో, నిజం స్కేటర్లకు ప్రోగ్రామ్‌లు కూర్చే మనిషి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో జపాన్ జంట మియు సుజాకి, ర్యుయిచి కిహారా ఆ సీరియల్ సంగీతానికే స్కేట్ చేశారు. బొమ్మల కథలోంచి ఒక పాట లేచి ఒలింపిక్స్ ఐస్ మీదికి నడిచొచ్చింది! అదే కిహారా తర్వాత రికు మియురాతో కలిసి 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

పైగా ఈ ఆట, స్కేటర్‌ను ఏదో ఒక పాత్రగా మారమనే అడుగుతుంది. 2022–23 సీజన్ నుంచి జంప్‌ల మార్కులు కాకుండా ప్రోగ్రామ్‌కు విడిగా ఇచ్చే మార్కులు మూడు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. అంతకుముందు అవి ఐదు ఉండేవి, అందులో సంగీతాన్ని అర్థం చేసుకుని చూపించడానికే ఒకటి. అంటే భావం చూపించకపోతే మార్కులు పోతాయి. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీ స్కేటర్ కతరీనా విట్, అమెరికా స్కేటర్ డెబీ థామస్ ఇద్దరూ ఫ్రీ స్కేట్‌కు, అంటే పోటీలో రెండోదైన పెద్ద ప్రోగ్రామ్‌కు, ‘కార్మెన్’ అనే ఒపేరా సంగీతాన్నే ఎంచుకున్నారు. కార్మెన్ అందులోని కథానాయిక. విట్ చూపించిన కార్మెన్ చివర్లో ఐస్ మీద పడి చనిపోతుంది. థామస్ కార్మెన్ చనిపోదు. ఒకే పాత్ర, ఒకే రాత్రి, రెండు జీవితాలు. విట్‌కు బంగారు పతకం, థామస్‌కు కాంస్యం వచ్చాయి. మధ్యలో రజతం కెనడా అమ్మాయి ఎలిజబెత్ మ్యాన్లీకి దక్కింది. వాళ్ళిద్దరిలో ఎవరి కార్మెన్ నిజమైనదని మీరూ మీ గ్రూప్‌వాళ్ళూ తెల్లవార్లూ మాట్లాడుకుంటే, అది ఆటను పక్కనపెట్టి పగటికలలు కనడం కాదు. ఆట మీ ముందు పెట్టినదాన్నే మీరు తీసుకుంటున్నారు.

అయితే మీ రెండో ప్రశ్న కష్టమైనది, మీరు దాన్ని నిజాయితీగా అడిగారు. స్నేహితురాలికీ మీకూ తేడా ఉందా?

ఉంది. కానీ అది ఆమె చెడ్డది, మీరు మంచివారు అనేంత సులువుగా తేలేది కాదు. కతరీనా విట్ కార్మెన్ కాదు, ఆ రాత్రి తర్వాత లేచి తన బసకు వెళ్ళిపోయిన ఒక యువతి. చూసేవాళ్ళం ఇద్దర్నీ కలిపేసుకుంటాం. కలపకుండా చూడటం ఎవరి తరమూ కాదు. ఎంతవరకు కలపొచ్చు అన్నదే ప్రశ్న.

నేను అనుకునే పద్ధతి ఇది, మీకు నచ్చితే తీసుకోండి. సంగీతం మొదలైనప్పటినుంచి ఆగేదాకా ఐస్ మీద జరిగేదంతా మనకోసమే. ఆ నాలుగు నిమిషాల ఫ్రీ స్కేట్‌ను ఎలాగైనా చదవండి, ఎంతైనా రాయండి. చేతి వేలు ఎటు తిరిగిందో, ఫలానా జంప్ ముందు మొహం ఎందుకు మారిందో ఊహించండి. ఆ మనిషి దాన్ని మనకు ఇవ్వడానికే సాధన చేశాడు. తర్వాత వచ్చేది కిస్ అండ్ క్రై. మార్కుల కోసం కోచ్ పక్కన కూర్చుని ఎదురుచూసే ఆ బెంచీ. అక్కడ కెమెరా ఉంటుంది కానీ ప్రోగ్రామ్ అయిపోయింది. ఆ కన్నీళ్ళు కూర్చినవి కావు. వాటి గురించి రాయొచ్చు, కానీ ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని చూస్తున్నామని గుర్తుపెట్టుకుని రాయాలి. ఆ బెంచీ మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయాక జరిగేది మనది కాదు. ఎవర్ని ప్రేమిస్తున్నారు, ఎవర్ని పెళ్ళి చేసుకుంటున్నారు, ఇంట్లో ఎలా ఉంటారు, ఇవేవీ మనకు ఇచ్చినవి కావు. వాళ్ళే చెబితే విని సంతోషించడం వరకే మన పని.

మీరు పంపిన రెండు వ్యాసాలూ చదివాను. దాదాపు అంతా సంగీతం మొదలై ఆగే మధ్యలోనే ఉంది. ఒక్కచోట మాత్రం, ఒక స్కేటర్ ఇంటర్వ్యూలో నవ్విన తీరును బట్టి ‘ఈ అమ్మాయి లోపల చాలా ఒంటరి’ అని తేల్చేశారు. అది మీకు తెలియదు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘నాకు అలా అనిపించింది’ అని రాస్తే అది మీ గురించిన మాట అవుతుంది, తేల్చేస్తే ఆమె గురించిన తీర్పు అవుతుంది. మిమ్మల్ని తప్పుపట్టాలని చెప్పడం లేదు. మీరే అడిగారు కాబట్టి గీత ఎక్కడుందో మీ రాతలోనే చూపిస్తున్నాను.

2014 సోచి ఒలింపిక్స్‌లో ఎర్ర కోటు వేసుకున్న చిన్నపిల్లగా స్కేట్ చేసిన రష్యన్ అమ్మాయి యూలియా లిప్నిత్‌స్కాయా మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. ‘షిండ్లర్స్ లిస్ట్’ సినిమాలోని ఎర్ర కోటు పాపే ఐస్ మీదికి వచ్చిందని ప్రపంచం కళ్ళు తుడుచుకుంది. రష్యా జట్టుకు బంగారు పతకం వచ్చింది. 2017లో, పందొమ్మిదేళ్ళకే, ఆమె స్కేటింగ్ మానేసినట్టు బయటికి తెలిసింది. తిండి తినలేని జబ్బు అనోరెక్సియాకు చికిత్స తీసుకున్నట్టు కూడా అప్పుడే తెలిసింది. ఎర్ర కోటు చూసి ఏడ్చినవాళ్ళ వల్ల ఆమెకు అలా జరిగిందని నేను అనడం లేదు. మనం ఆ పాత్రను అంత దగ్గరగా చూసి, ఆ అమ్మాయి గురించి అసలేమీ తెలియకుండా ఉన్నాం. స్కేటర్ల గురించి రాసేవాళ్ళు ఇది మనసులో పెట్టుకుంటే చాలు, చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది.

ఇప్పుడు మీ స్నేహితురాలి సంగతి. ఆమె చేసినవాటిలో మూడు పనులున్నాయి. మీరు మూడింటినీ కలిపి ఒకే గొడవగా చూస్తున్నారు, ఆమె కూడా అలాగే చూస్తోంది. అందుకే మాట కలవడం లేదు.

నిజం మనుషుల మీద ప్రేమకథలు అల్లి, చదవాలనుకునే కొద్దిమంది మధ్య పంచుకోవడం మొదటిది. నాకు అది నచ్చదు. ఆ ఇద్దరిలో ఎవరైనా చదివితే ఎలా ఉంటుందన్న ఆలోచనే నన్ను ఇబ్బంది పెడుతుంది. కానీ ఈ విషయంలో ఆలోచనాపరులైన అభిమానుల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి. ఇది కల్పన అని రాసేవాళ్ళకూ చదివేవాళ్ళకూ స్పష్టంగా తెలిసి, అక్కడికక్కడే ఉంటే, దానికోసం స్నేహం తెంచుకోవలసినంత నేరమని నేను అనను. రెండోది, ఆ కథ నిజమని నమ్మి, దాన్ని ఆ మనిషికే పంపడం. ఇక్కడ గీత దాటిపోయింది. ‘నీ బతుకు నీకంటే నాకు బాగా తెలుసు’ అని ఒక మనిషి మొహం మీద చెప్పడం అది. మూడోది, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయిని తిట్టడం. దీని గురించి చర్చే అనవసరం. అది వేధింపు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఊహించాల్సిన పని లేదు, మన కళ్ళ ముందే ఉంది. హన్యు 2023 ఆగస్టులో తనకు పెళ్ళయిందని చెప్పారు. భార్య పేరు చెప్పలేదు. అదే ఏడాది నవంబర్‌లో విడిపోయామని ప్రకటించారు. ఇంటి చుట్టూ అనుమానాస్పదంగా తిరిగేవాళ్ళు, వెంటపడేవాళ్ళు, ఆమెకూ ఆమె కుటుంబానికీ ఆగని వేధింపులు, ఆమె ఇల్లు కదల్లేని పరిస్థితి అని ఆయనే రాశారు. ఆమెను కాపాడుకుంటూ వచ్చినా ఇక సాధ్యం కాదనిపించి విడిపోయారు. ఐస్ మీద భూకంపాన్నీ గాయాల్నీ తట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన. 2011లో సెండాయ్ రింక్‌లో సాధన చేస్తుండగా భూమి కంపించి, కాళ్ళకున్న స్కేట్లతోనే బయటికి పరుగెత్తిన కుర్రాడు. అలాంటి మనిషి ఇంటి ముందు జనాన్ని మాత్రం ఎదుర్కోలేకపోయాడు. ఆ వెంటపడ్డవాళ్ళలో ఎంతమంది తమది ప్రేమే అనుకుని ఉంటారో! మీరు మీ స్నేహితురాలిని ఆపినప్పుడు మీ మనసులో ఉన్నది సిగ్గు కాదు. మీరు ఆ కనిపించని అమ్మాయి వైపు నిలబడ్డారు. ఆ విషయంలో మీరు మెత్తబడకండి.

మళ్ళీ మాట్లాడాలా? మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏదీ నొప్పి లేనిది కాదు.

ఊరుకోవడం ఒకటి. గొడవ పెరగదు. కానీ మీ మౌనాన్ని ఆమె తనకు అనుకూలంగా చదువుకుంటుంది. ‘సిగ్గుపడి వెళ్ళిపోయింది’ అన్నదే ఆ గ్రూప్‌లో చివరి మాటగా మిగిలిపోతుంది. మీకు లోపల అది గుచ్చుతూనే ఉంటుంది. ఇప్పటికే గుచ్చుతోంది కదా.

రెండోది, ఆమెకు ఒక ఉత్తరం రాయడం. నేనైతే ఈ వైపే మొగ్గుతాను. కానీ అందులో మూడు గొడవలూ పెట్టొద్దు. ‘నీ కథలు ఆపెయ్’ అని రాయొద్దు. అడిగితే ఆ కథలే ఆమెకు ప్రాణమైపోతాయి. ఒక్కటే అడగండి: ఆ స్కేటర్‌కు గానీ ఆ అమ్మాయికి గానీ ఏదీ పంపొద్దని, రాసిన తిట్లు తీసేయమని. మీ ఇద్దరి మధ్య ఏం బాగుండేదో కూడా రాయండి. మొదటిసారి కలిసి చూసిన పోటీ, ఆమె మీకు నేర్పిన విషయాలు. ఆమెకు ఇప్పుడు ఆ కథ తప్ప ఇంకేం మిగల్లేదేమో, మీరూ దూరమయ్యారు. కథను లాక్కునేవాళ్ళలా వెళితే తలుపు తీయదు. ఇంత చేసినా ఆమె ఒప్పుకోకపోవచ్చు. ఉత్తరాన్ని గ్రూప్‌లో పెట్టి నవ్వుకోవచ్చు కూడా. అందుకే ఎవరు చదివినా మీరు తలదించుకోనక్కర్లేని మాటలే అందులో ఉండాలి.

ఆమె మళ్ళీ అదే పని చేస్తే మాత్రం, ఆ తిట్లు కనిపించినచోట వాటిని రిపోర్ట్ చేయడానికి వెనకాడకండి. స్నేహద్రోహం అనిపిస్తుంది. కాదు. తిట్లు తింటున్న అమ్మాయికి ఈ కథలో ఎవరూ స్నేహితులు లేరు.

గ్రూప్‌లోని ఆ ఇద్దరికీ ఈ వారమే జవాబివ్వండి. వాళ్ళను పక్షం తీసుకోమని అడగొద్దు, జరిగిందంతా తవ్వొద్దు. ఒక కొత్త వ్యాసం పంపితే చాలు. ముగ్గురితో మొదలయ్యే కొత్త గ్రూప్ చిన్నగానే ఉంటుంది, పాతదాని సందడి ఉండదు, మొదట్లో వెలితిగా కూడా ఉంటుంది. అది భరించలేక పాత గ్రూప్‌లోకి ఏదో ఒక రాజీతో వెళ్ళిపోవాలనిపిస్తుంది. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, కానీ ఆ తిట్లను చూసీచూడనట్టు ఉండటమే ఆ రాజీ అయితే మీరు ఎక్కువ రోజులు ఉండలేరు.

ఇక మీ ఆయన. మీరు ఆయన గురించి రాసింది చూస్తే చెడ్డ మనిషిలా లేరు. మీరు మేలుకున్న రాత్రి టీ పెట్టిచ్చారని కూడా రాశారు. ఇక్కడ కూడా రెండు విషయాలు కలిసిపోయాయి. ఆయనకు మీ ఇష్టం అర్థం కాకపోవడం వేరు, దాన్ని పదిమందిలో నవ్వులాట చేయడం వేరు. మొదటిది ఫరవాలేదు. భార్యాభర్తలు ఒకరి ఇష్టాలన్నీ ఒకరు పంచుకోవాలని ఎక్కడా లేదు. రెండోది దెబ్బ. కాకపోతే ఆయనకు అది దెబ్బ అని తెలియదు, ఎందుకంటే మీరూ నవ్వారు.

కాబట్టి స్కేటింగ్ గొప్పతనం నిరూపించే పని పెట్టుకోకండి. అలా మొదలుపెడితే మాట ‘అది చూడదగ్గదా కాదా’ అన్న వాదనలోకి పోతుంది, అసలు బాధ పక్కకు పోతుంది. ఇద్దరే ఉన్నప్పుడు సూటిగా చెప్పండి: ‘ఆ రోజు అందరిముందు నువ్వలా అన్నప్పుడు నేను నవ్వాను గానీ, చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఏమీ రాయలేకపోతున్నాను. నీకు అది నచ్చక్కర్లేదు. కానీ నేను ఏడ్చిన సంగతి నీకు నాకూ మధ్యే ఉండాలి.’ ఇంతే. యూరీ పేరు కూడా అక్కర్లేదు. ఆయన ‘సరదాకి అన్నాను’ అంటారు, దాదాపు అందరూ మొదట అదే అంటారు. ‘తెలుసు, అయినా బాధేసింది’ అని ఆగండి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని మీరు మాటలతో నింపొద్దు.

ఆయన చెప్పేది కూడా వినాల్సి రావచ్చు. తెల్లవారుజామున మూడింటిదాకా మేలుకుని మర్నాడు ఆఫీసుకు ఆలస్యమైన రోజులున్నాయని మీరే రాశారు. ఆ రోజుల్లో చిరాకు ఆయన మీద చూపించానని కూడా రాశారు. ఆయన ఈ మాట ఎత్తితే, అది మీ ఇష్టాన్ని వెక్కిరించడం అనుకోకండి. అది సరైన ఫిర్యాదే. సీజన్‌లో ఏ పోటీలు తప్పకుండా లైవ్‌లో చూడాలో ఎంచుకుని, మిగతావి పొద్దున చూడొచ్చు. ఫలితం ముందే తెలిసిపోతే మజా పోతుందని మీకు బాధగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఈ ఒక్కటి మీరు వదులుకుంటే, నవ్వులాట గురించి మీరు అడిగేదానికి బరువు పెరుగుతుంది.

ఇంకో దారి, ఆయన్ని లోపలికి పిలవడం. బలవంతం లేకుండా, ఒక్కసారి. యానిమేతో మొదలుపెట్టొద్దు, ఇప్పటికే దానిమీద నవ్వారు కాబట్టి ఇద్దరూ బిగుసుకుపోతారు. సోచి ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ మావో అసాదా స్కేట్ చూపించండి. మొదటిరోజు ఉండే చిన్న ప్రోగ్రామ్, షార్ట్ ప్రోగ్రామ్‌లో పడిపోయి, పతకం ఆశలున్న మనిషి పదహారో స్థానానికి దిగిపోయింది. మర్నాడు వచ్చి ఫ్రీ స్కేట్‌లో తన జీవితంలోనే ఎక్కువ స్కోరు, 142.71 సాధించింది. చివరికి దక్కింది ఆరో స్థానం, పతకమేమీ లేదు. సంగీతం ఆగగానే ఆమె తల పైకెత్తి ఏడ్చిన ఆ క్షణం చూడటానికి ఏ రూలూ తెలియక్కర్లేదు, ఏ పాత్రా తెలియక్కర్లేదు. ముందురోజు ఏం జరిగిందో మాత్రం చెప్పి, తర్వాత మీరు మాట్లాడకుండా కూర్చోండి. ఆయన కదిలిపోవచ్చు. ఫోన్ చూసుకుంటూ కూర్చోవచ్చు కూడా. రెండోది జరిగితే దాన్ని మీ మీద తీర్పుగా తీసుకోవద్దు. ఆ విషయం అక్కడితో వదిలేసి, మీ వ్యాసాలు మీరు రాసుకోండి.

ఆయనకేమీ చెప్పకుండా దాచుకుని రాసుకోవడం కూడా ఒక దారే. చాలామంది అలాగే బతికేస్తారు. గొడవ ఉండదు. కాకపోతే దాచేకొద్దీ మీ ఇష్టం మీకే తప్పుపనిలా కనిపించడం మొదలవుతుంది. మీరు ఉత్తరంలో ‘నాకు పిచ్చా’ అని అడిగిన తీరు చూస్తే, ఆ భావం ఇప్పటికే కొంత వచ్చేసిందనిపిస్తోంది. అందుకే దీన్ని నేను చివర పెట్టాను.

మీరు అడగని విషయం ఒకటి మిగిలింది. ఆఫీసులో పదిమంది ముందు మాట్లాడాల్సి వస్తే ముందురోజు రాత్రి నిద్ర పట్టదని, గుండె దడదడలాడుతుందని, రెండుసార్లు ప్రమోషన్ అవకాశం వచ్చినా అలాంటి పని ఉంటుందని వద్దన్నానని మధ్యలో ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నాకు మిగతా అన్నింటికంటే అదే ఎక్కువ ఆందోళనగా ఉంది. మీ టెన్షన్‌ను గుర్తుపట్టడానికి యూరీ సాయపడ్డాడు. దాన్ని తగ్గించడం అతని వల్ల కాదు. ఇది సిగ్గో చేతకానితనమో కాదు, చికిత్సకు లొంగే సమస్య. ఒక మంచి సైకాలజిస్ట్‌ను కలవండి. కలవకపోతే మరో అవకాశం వచ్చినప్పుడు కూడా మీరు వద్దనే అంటారు, ఆ బాధతో మళ్ళీ అర్ధరాత్రి ఆ ఎపిసోడ్ల దగ్గరికే వెళతారు. అప్పుడు అవి మీకు సంతోషం ఇవ్వడం మానేసి, దాక్కునే చోటుగా మారిపోతాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎక్కడినుంచి చెప్పాలో తెలియకపోతే, మీరు యూరీ గురించి నాకు రాసిన ఆ మూడో పేజీ తీసుకెళ్ళి చదివి వినిపించండి. సైకాలజిస్ట్‌కు కావలసినదంతా అందులో ఉంది.